తోక తెగినోడు

కాచిగూడలో ఆఖరు బండి కదిలిపోయినంక
మా అటుక మేలుకుంటది.
ముందు ఒక గీకుడు.
తర్వాత ఎవరో గోలీలు దొర్లించినట్టు
మూల నుంచి మూలకు.

నింబోలిఅడ్డలో మా ఇల్లు రెండు అర్రలు, మీద చెక్కల అటుక.
అక్కడ ఉన్నవాటికంటే
ఉన్నయనుకున్నవే ఎక్కువ:
కూలర్ గడ్డి, మా నాయన మిల్లు టోపీ,
రెక్కలు లేని టేబుల్ ఫ్యాను,
కళావతి ఫాల్స్ కుట్టడానికి తెచ్చుకున్న చీరెల మూటలు.

మొదటి నష్టం ఒక గద్వాల చీరె.
అంచు పక్కన రూపాయి బిళ్ళంత తొర్ర.
కళావతి ఏడ్వలేదు.
తొర్ర మీద చిలుకను కుట్టింది.
చీరె గల్లామె మురిసిపోయి
రెండో అంచుకూ ఒకటి కుట్టమన్నది.
ఆ రాత్రి అటుక దిక్కు చూసి అన్నది కళావతి:
"ప్రతిసారీ చిలుకలు రావు నాకు."

మందు పెడదామంటే వద్దన్నది.
పక్కింటి వెంకటనర్సు మందు పెట్టి
తొమ్మిది రోజులు తన ఇంట్ల తనే ముక్కు మూసుకొని
వాసన ఏ గోడలున్నదో వెతుక్కున్నడు.

జిగురు అట్ట తెచ్చిన.
పొద్దున్నకు దాని మీద ఒక బల్లి,
నన్నే చూస్తూ.
కొబ్బరినూనె రాసి ఒక్కో వేలూ విడిపించేసరికి
డ్యూటీకి గంట ఆలస్యం.
కారణం చెప్తే సూపర్‌వైజర్ నమ్మలే.

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినోని ముచ్చట
చిన్నప్పుడు నవ్వుకుంట విన్నం.
ఇప్పుడు వాని మీద జాలేస్తది.
ఎన్ని రాత్రులు నిద్ర లేకుండ ఉన్నడో పాపం,
సామెతలో ఆ లెక్క చెప్పలేదు.

ఆఖరికి బేగంబజార్ నుంచి బోను.
కాల్చిన ఎండుకొబ్బరి ముక్క కొక్కేనికి గుచ్చితే
రెండో జాముల టప్పుమన్నది.

లోపల పిడికెడంత. తోక సగమే ఉన్నది.
చంపడానికి చేతులు రాలే.
"మూసీ దాటించు. నీళ్ళు దాటితే దారి మరుస్తది."
అది మా అమ్మ శాస్త్రం.

చాదర్‌ఘాట్ చిన్న వంతెన. ఇంకా తెల్లారలే.
స్కూటర్ హ్యాండిల్‌కు బోను, బోను మీద పాత తువ్వాల.
మూసీ వాసన ముందే ఎదురొచ్చింది.
దాని వెనక ఒక మనిషి,
లుంగీ, మఫ్లర్,
చేతిలో గుడ్డ కప్పిన బోను.

ఇద్దరం ఆగినం.
ఒకరి గుడ్డ దిక్కు ఒకరం చూసుకున్నం.
"చూహా?"
"ఆఁ. మీది?"
"మలక్‌పేట. రెండు నెలలాయె, తెచ్చి అటు విడుస్తున్న."
"అటంటే?"
ఆయన గడ్డం మా ఇంటి దిక్కు లేచింది.

మొయిజుద్దీన్ సాబ్, గడియారాల మెకానిక్.
బోన్లు రెండూ పిట్టగోడ మీద పక్కపక్కన పెట్టి
బీడీ ముట్టించి, నా తువ్వాల పక్కకు జరిపి
వంగి చూసిండు.
"అరె, ఈ తోక తెగినోడు మావోడే!
పోయిన జుమ్మాకే సాగనంపిన."

నవ్వొచ్చి, దగ్గొచ్చి, మళ్ళా నవ్వొచ్చింది.
తోక తెగినోడు మాత్రం
మిగిలిన కొబ్బరి కొరుక్కుంట
పెద్దమనుషుల పంచాయితీ తెగేదాకా ఆగుదామన్నట్టు
కూర్చున్నడు.

వాణ్ని ఎక్కడ విడిచినమో
ఇద్దరి ఇండ్లల్లోనూ తెల్వదు.
పోతూ పోతూ ఆయన అన్నది ఒక్కటే:
"విడిచేది కాదు భాయ్, మూసేది చూడు.
సిమెంటుల గాజు పెంకులు కలుపు."

ఆదివారం. నిచ్చెన మీద నేను,
కింద టార్చి పట్టుకొని కళావతి,
తట్టలో తడి సిమెంటు.
దూలం వెనక చెయ్యి పెడితే
మెత్తగ, ఇంకా కొంచెం వెచ్చగ,
గూడు.
పిల్లలు లేవు. రెండుసార్లు తడిమి చూసిన.
అంతా దారాలు, పీలికలు.

అందిస్తే కొంగుల పట్టింది.
టార్చి చంకల పెట్టుకొని ఒక్కో పీలికా విప్పుకుంట
"ఇది లాయరమ్మ ఆకుపచ్చ పోచంపల్లి.
ఇది బ్యాంకు పిల్ల పెండ్లిది.
ఇది... ఆగు, ఇది నాదే,
ఎవరికో ఇచ్చేసిననుకున్న.
దొంగది, మంచి రంగులే ఏరుకున్నది."

తట్టలో సిమెంటు గట్టిపడుతున్నది.
"వెలుతురు ఇటు పట్టు" అన్న.
ఆమె పట్టలే.